పదింటి ఎండ

రాత్రి తొమ్మిదిన్నర.
కిటికీ నిండా ఎండ.
ఎదురింటి గ్రానైట్ గోడలో అభ్రకం పలుకులు
ఇంకా మెరుస్తూనే ఉన్నాయి.
చిమ్నీ మీద సముద్రపు కాకులు
సంతలో బేరం తెగనట్టు అరుస్తున్నాయి.

జూన్ నెల అబర్డీన్‌లో
నాలుగేళ్ళ పిల్లను పడుకోబెట్టడమంటే
సూర్యుడితో తగువు పెట్టుకోవడమే.

నల్ల కర్టెన్‌కి బట్టల క్లిప్పులు పెట్టాను.
సందుల్లో పాత చున్నీ కుక్కాను.
అయినా పైనుంచి ఓ సన్నటి గీత
గదికి అడ్డంపడి వచ్చి
సరిగ్గా సుహిత ముక్కు మీదే వాలింది.
"అమ్మా, పగలు నన్ను పట్టేసుకుంది"
అంటుంది, కదలకుండా, గర్వంగా.

"చీకటి పడలేదుగా, నేనెందుకు బజ్జోవాలి?"

చీకటికీ నిద్రకీ సంబంధం లేదని
గడియారం చెబితేనే నిద్రని
డిసెంబరులో చెప్పింది నేనే,
మధ్యాహ్నం మూడున్నరకి
వీధి దీపాల కింద నర్సరీ నుంచి నడిపించుకొస్తూ.
ఆ మాటే ఇప్పుడు గుర్తుచేశాను.
గోడ గడియారాన్ని కాసేపు చూసి
"పాపం, దానికి కిటికీ కనబడదు కదా" అంది.

తరవాత మంచినీళ్ళు.
తరవాత ఆ మంచినీళ్ళ పర్యవసానం.
ఎడమకాలి మేజోడు గుచ్చుకుంటోంది, తీశాను.
కుడికాలిది ఒంటరైపోయింది, తొడిగాను.
గుడ్డ ఏనుక్కి దోమ కుట్టిందట.
పుట్టి దోమ మొహం చూడలేదు ఈ పిల్ల,
మాట మాత్రం ఎక్కడో ఏరుకొచ్చి
దాచి దాచి
ఈ వేళకి బయటికి తీసింది.
ఏనుగు కాలికి మందు రాశాను.

ఇంటి మీదుగా ఆఖరి హెలికాప్టర్.
రెక్కల చప్పుడు దూరమయ్యేదాకా ఇద్దరం మాట్లాడం.
"అందులో లేడు" అని తనే చెప్పుకుంది.
"ఆదివారం దాకా లేడు."
మళ్ళీ వెంటనే,
"నాన్న పడుకున్నాడా?"
"లేదు, ఇప్పుడే రిగ్గు మీద డ్యూటీకెక్కాడు."
"చూశావా మరి!"

ఇక కథే దిక్కు.

అనగనగా ఒక కందిబద్ద.
"ఊ."
కడగబోతే చేతిలోంచి జారి
ఫ్రిజ్జు కిందకి దొర్లిపోయింది.
"ఊ."
అక్కడ దుమ్మూ, ఒక బొత్తామూ, నువ్వు పారేసిన స్టిక్కరూ.
"నేను పారెయ్యలేదు. ఊ."
బద్ద తలుపు సందులోంచి బయటపడింది.
వాన నీళ్ళలో ఈదింది.
"...ఊ."
వీధులన్నీ ఏటవాలుగా దిగి దిగి
ఓడరేవులో ఆగాయి.
అక్కడొక ఎర్ర పడవ.

గీత ముక్కు మీంచి చెంపకి జరిగింది,
చెంప మీంచి దిండుకి.
నా జడ కొసని వేలికి చుట్టుకున్న పట్టు
ఒక్కో మడతా వదులవుతోంది.

ఎర్ర పడవ అన్నాను కదా.

ఊ లేదు.

ఎర్ర పడవలో బియ్యబస్తాలు...

ఊ లేదు.

ఏ రాత్రీ ఈ కథ ఓడరేవు దాటలేదు.
దాటితే ఏమవుతుందో నాకూ తెలీదు.
అవసరం పడలేదు, అంతే.
ఇవాళ మాత్రం ఎందుకో లేవబుద్ధి కాలేదు.
మునివేళ్ళ మీద లేచి, తలుపు కిర్రుమనకుండా పైకెత్తి పట్టి
గిన్నెల దగ్గరికి పరిగెత్తే దాన్ని,
అక్కడే కూచుని
గొంతులో గొంతుగా
బద్దని పడవ ఎక్కించాను.
తాడు విప్పించాను.
ఇంత ఎండలో దారి తప్పదులే అనుకున్నాను.

ఫోన్ వెలిగింది.
మధ్యాహ్నం అది పెట్టిన ముద్దు తాలూకు పప్పు మరక
అద్దం మీద ఇంకా ఎండి ఉంది.
మరక వెనక మూడు ముక్కలు:
"పడుకుందా మన దొర?"

పది ఇరవై.
కర్టెన్ అంచున ఎండ ఇంకా మసలుతూనే ఉంది.
సముద్రం మధ్యన ఇనుప మెట్ల మీద
అతనికీ ఇదే వెలుతురు.

జడ విడిపించుకోకుండా
ఒంటి చేత్తో
ఊ కొట్టాను.